చవిటి నేల – ఉప్పు మొక్క

ఉప్పు తగిలిన నేలను గుర్తించుటకు తెలుగు రైతు రెండు మాటలు ఏర్పరచుకొనెను. వేసవిలో తెల్లని పొడి పైకి తేలి కనబడు నేల పాలచౌడు. నల్లని చాయ కలిగి, తడిసినపుడు జిగటగాను, ఎండినపుడు రాతివలెను ఉండు నేల కారుచౌడు. మొదటిదానిలో నీట కరగు లవణములు హెచ్చుగా నుండుననియు, రెండవదానిలో సోడియము మట్టిరేణువులను అంటిపట్టుకొని నేల అల్లికను చెడగొట్టుననియు రసాయన శాస్త్రము నిర్ణయించుటకు చాల కాలము పట్టెను. మన కర్షకుడు ఆ భేదమును కంటితోను, కాలితోను ముందే గ్రహించెను. ఐతే అతని తాత ముత్తాతలు ఎరుగని మూడవ చౌడు ఒకటి ఈ కాలమున పుట్టినది. అది కార్ఖానా మురుగునీరు పారిన పొలములో ఏర్పడు చౌడు. అటువంటి నేలను ఉప్పు మొక్కలతో బాగుచేయవచ్చునా, చేయగలిగినచో ఎంతవరకు అన్న ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుటకు, ముందుగా ఉప్పునకును సేద్యమునకును గల పురాతన వైరమును కొంత తెలిసికొనవలెను.

వాన నీటిలో ఉప్పు దాదాపు ఉండదు. నేలమీద పారిన నీటిలోను, బావి నీటిలోను ఎంతో కొంత తప్పక ఉండును. పొలమునకు పెట్టిన నీటిని పైరు త్రాగును, సూర్యుడు ఆవిరిగా కొనిపోవును. నీరు పోవును, ఉప్పు మిగులును. మిగిలిన ఉప్పును వానలు క్రిందికి కడిగివేసి, ఆ నీరు పోవుటకు దారి ఉన్నంతకాలము చిక్కు లేదు. దారి మూసికొనినచో, లేదా వచ్చెడి ఉప్పు పోయెడి ఉప్పు కంటె హెచ్చైనచో, నేల చౌడు బారును. వేరు నీటిని లోనికి లాగుకొనవలెనన్న, వేరులోని రసము చుట్టునున్న మట్టినీటి కంటె గాఢముగా నుండవలెను. మట్టినీరే మిక్కిలి ఉప్పనైనపుడు, తడి నేలలో నిలిచియు పైరు దప్పికతో ఎండిపోవును.

ఈ దుఃస్థితిని ఎదుర్కొనిన తొలి నాగరకులలో మెసపొటేమియా వాసులు ముఖ్యులు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ సుమేరియనులు కాలువలు త్రవ్వి పెద్దయెత్తున సేద్యము చేసిరి. ఆ దేశపు మట్టిపలకల లెక్కలను పరిశీలించి థార్కిల్డ్ జాకబ్‌సెన్, రాబర్ట్ ఆడమ్స్ అను ఇద్దరు పండితులు 1958లో ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. క్రీస్తు పూర్వము 3500 ప్రాంతమున దక్షిణ మెసపొటేమియాలో గోధుమయు, యవలును ఇంచుమించు సమముగా పండుచుండెడివి. క్రీ.పూ. 2500 నాటికి గోధుమ మొత్తము పంటలో ఆరవ వంతునకు తగ్గెను. క్రీ.పూ. 1700 నాటికి ఆ దక్షిణ భాగమున గోధుమ పూర్తిగా మాయమయ్యెను. యవలు గోధుమ కంటె ఉప్పును హెచ్చుగా ఓర్చుకొనును. కాబట్టి రైతులు ఉప్పునకు వెనుదీయుచు యవలను ఆశ్రయించిరని ఆ పండితుల అభిప్రాయము. పంట మారుటకు ఇతర కారణములును ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు కొందరు వాదించిరి. ఏమైనను ఆ కథలో ఒక పాఠము స్పష్టముగా నున్నది. ఉప్పును ఓర్చుకొను పైరు వేయుట వేరు, నేలలోని ఉప్పును తొలగించుట వేరు. సుమేరియనులు మొదటిది చేసిరి, రెండవది చేయలేకపోయిరి. యవల దిగుబడి సైతము కాలక్రమమున తగ్గిపోయెను.

మన దేశమున ‘ఊషరక్షేత్రము’ అన్న మాట మిక్కిలి ప్రాచీనము. ఊషరక్షేత్రమున విత్తనము చల్లుట వ్యర్థ ప్రయత్నమునకు మారుపేరైనది. ఉత్తరాదిని నేటికిని అట్టి నేలను ‘ఊసర్’ అనియు, పైకి తేలిన ఉప్పును ‘రేహ్’ అనియు పిలుతురు. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్ల ప్రభుత్వము పడమటి యమునా కాలువను బాగుచేసి, 1854లో గంగా కాలువను తెరచెను. నీరు వచ్చినందుకు జనులు సంతోషించిరి. కాని కొన్ని చోట్ల కాలువ గట్లు సహజమైన వాననీటి పల్లములకు అడ్డుపడెను. భూగర్భ జలము పైకి వచ్చెను. దానితో లోపలి ఉప్పును పైకెక్కెను. మంచి పొలములు తెల్లబడుచున్నవని గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. 1870వ దశకమున అలీగఢ్ ప్రాంతపు భూములను విచారించుటకు ప్రభుత్వము ‘రేహ్ కమిటీ’ని నియమించెను. పడమటి యమునా కాలువ దారిని కొన్ని చోట్ల మార్చి, మురుగు పోవుటకు కాలువలు త్రవ్వవలసివచ్చెను. మొక్క సంగతి తరువాత. ముందు ఉప్పు వచ్చు దారిని మూయవలెనని ఆ అనుభవము నేర్పినది.

ఆ రోజులలోనే అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజీన్ హిల్గార్డ్ చౌడు నేలలను శాస్త్రీయముగా పరిశోధించుచుండెను. కారుచౌడునకు జిప్సము విరుగుడని ఆయన చాటెను. జిప్సములోని కాల్షియము మట్టిరేణువులను అంటియున్న సోడియమును తొలగించి ఆ స్థానమున తాను నిలుచును; విడివడిన సోడియమును నీటితో కడిగివేయవచ్చును. జిప్సము పోయుటకు వీలులేని బీళ్ళలో పశువుల మేతకు పనికివచ్చునని, ఆస్ట్రేలియా దేశపు ఉప్పుపొదను కాలిఫోర్నియాకు తెప్పించి పెంచిరి. ఉప్పు నేలను మందుతోనే కాక మొక్కతోను వినియోగమునకు తేవచ్చునన్న ఆలోచన ఈ విధముగా శాస్త్రజ్ఞుల నడుమ పాదుకొనెను.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున ఈ కృషికి కేంద్రమైనది హర్యానాలోని కర్నాల్. 1969లో స్థాపితమైన కేంద్రీయ మృత్తికా లవణతా పరిశోధన సంస్థ అచ్చట నెలకొన్నది. పొలమును చదునుచేసి గట్లు వేసి, జిప్సము చల్లి, నీరు నిలిపి, మొదట వరిని, పిదప గోధుమను వేయు పద్ధతిని వారు రైతులకు నేర్పిరి. నడుమ జీలుగను పెంచి నేలలో కలియదున్నమనిరి. జిప్సము కొనలేని వారి కొరకు ఒక గడ్డిని చూపిరి. దానికి ‘కర్నాల్ గడ్డి’ అన్న పేరే స్థిరపడినది. ఆ గడ్డి వేళ్ళు విడుచు బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నమును కరగించును. ఆ సున్నములోని కాల్షియము సోడియమును కదలించును. జిప్సము చేయు పనినే గడ్డి మెల్లగా చేయుచున్నదన్నమాట. మన బాపట్లలోను చౌడు నేలలను, ఉప్పునీటి వాడుకను గూర్చిన పరిశోధన చిరకాలముగా జరుగుచున్నది.

ఉప్పును సహించు మొక్కలన్నియు ఒకే తీరున సహింపవు. కొన్ని మొక్కలు ఉప్పును వేరు వద్దనే ఆపివేయును. వాని వలన నేలలోని ఉప్పు తగ్గదు. కొన్ని ఉప్పును లోనికి తీసికొని ఆకులపై నుండు గ్రంథుల ద్వారా వెలికి చిమ్మును. ఆకులపై ఉప్పు పలుకులు మెరయును, వాన వచ్చిన అవి తిరిగి నేలనే చేరును. ఇక మూడవ జాతి మొక్కలు ఉప్పును గ్రహించి తమ ఆకులలోని కణములందే భద్రపరచుకొనును. అందువలననే వాని ఆకులు దళసరిగా, రసముతో నిండియుండును. మన సముద్రతీరపు పర్రలలో పెరుగు ఇలకూర, వంగరెడ్డికూర ఈ జాతివి. తీరవాసులు ఈ ఆకులను కూరగా వండుకొనుట కలదు. వానిలో సహజముగానే ఉప్పు నిండియుండును. నేలనుండి ఉప్పును ఎత్తుకొనిపోవలెనన్న, ఈ మూడవ జాతి మొక్కను పెంచి, కోసి, పొలము వెలుపలికి తరలింపవలెను. కోయక విడిచినచో ఆకు రాలి ఉప్పు యథాస్థానమును చేరును.

ఇంతవరకు చెప్పినది ప్రకృతియు, కాలువలును కూర్చిన ఉప్పు సంగతి. కార్ఖానా తెచ్చిన ఉప్పు ఎట్టిదో తెలియుటకు మన పొరుగుననే ఉన్న పాలారు లోయను చూడవలెను. పాలారు కర్ణాటకమున పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతముగుండ కొంత దూరము ప్రవహించి, తమిళనాడులో ప్రవేశించును. ఆ చిత్తూరు జిల్లాలో ఒక భాగము 1911వ సంవత్సరము వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. పాలారు సంవత్సరములో అధికభాగము పైకి ఇసుకగానే కనబడు నది. దాని నీరు ఇసుక అడుగున నడచును. ఆ నీటినే బావులు ఊరించుకొని వరిని, కొబ్బరిని పెంచినవి. ఆ లోయలోని వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణములును, చేరువనున్న పేర్నంబట్టును తోళ్ళ పరిశ్రమకు పేరుపొందినవి.

పూర్వము దక్షిణదేశమున తోళ్ళను పదునుపెట్టుట లందలలో, తంగేడు పట్టతోను, కరక్కాయతోను జరుగుచుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమియముతో పదునుపెట్టు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1970వ దశకమున కేంద్ర ప్రభుత్వము పచ్చితోళ్ళ ఎగుమతికి అడ్డుకట్ట వేసి, సగము పదునైన తోళ్ళ ఎగుమతిని అదుపుచేసి, పూర్తిగా తయారైన తోలును, పాదరక్షలను ఎగుమతి చేయుటను ప్రోత్సహించెను. దేశమునకు విదేశీ ద్రవ్యమును, వేలాది కుటుంబములకు జీవనోపాధియు లభించెను. దానితోపాటు నీటి వాడుకయు, రసాయనముల వాడుకయు పెరిగెను.

ఈ పరిశ్రమలో ఉప్పు ఎక్కడిది? పశువునుండి ఒలిచిన తోలు కుళ్ళకుండుటకు దానిపై ఉప్పు దట్టముగా పట్టింతురు. తోలు బరువులో సుమారు మూడింట ఒక వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉప్పు పట్టించుట వాడుక. కార్ఖానా చేరిన పిదప తోలును నీట నానవేసి ఆ ఉప్పును కడిగివేయుదురు. ఆ తరువాత సున్నము, ఆమ్లము, మరల ఉప్పు, క్రోమియము, ఇట్లు ఒకదానివెంట నొకటి. ఒక కిలో తోలునకు సుమారు 35 లీటర్ల నీరు కావలెనని లెక్క. ఆ నీరంతయు ఉప్పుతో, రంగుతో, దుర్గంధముతో వెలుపలికి వచ్చి, కాలువలను, చెరువులను, పొలములను, చివరకు పాలారు ఇసుకను చేరెను. బావినీరు చప్పబడి, పిదప ఉప్పనై, పొలములకు పనికిరాకపోయెను.

వేలూరు పౌర సంక్షేమ సంఘము ఈ అన్యాయమును సుప్రీంకోర్టు ఎదుట పెట్టగా, న్యాయమూర్తి కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతగల ధర్మాసనము 1996 ఆగస్టు 28న చరిత్రాత్మకమైన తీర్పు చెప్పెను. తోళ్ళ పరిశ్రమ ప్రాంతమున సుమారు 35,000 హెక్టార్ల సేద్యపు భూమి పూర్తిగానో, కొంతమేరకో సాగునకు పనికిరాకుండ పోయినదని వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్రము జరిపిన పరిశీలనను ఆ తీర్పు ఉదహరించెను. చెరచినవాడే చెల్లింపవలెనన్న సూత్రము మన దేశపు న్యాయములో భాగమని ఉద్ఘోషించెను. ‘చెల్లింపు’ అనగా బాధితులకు ఇచ్చు పరిహారము మాత్రమే కాదు, చెడిన నేలను, నీటిని తిరిగి బాగుచేయుటకగు వ్యయము కూడనని వివరించెను. ఐనను పరిహారము అందరికి అందలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మరల ఈ విషయమున తీర్పు చెప్పుచు, బాధిత కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వమే పరిహారము చెల్లించి, ఆ సొమ్మును కాలుష్య కారకులనుండి రాబట్టుకొనవలెనని ఆదేశింపవలసివచ్చెను. తీర్పునకును తీర్పునకును నడుమ ఒక తరము గడచిపోయినది.

బాగుచేయుట ఎట్లు? ఇక్కడనే ఉప్పు మొక్కలు రంగప్రవేశము చేసినవి. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు తీరప్రాంతపు ఉప్పు మొక్కలను ఆరింటిని చౌడు నేలలో పెంచి, వాని శక్తిని కొలిచి, 2007లో ఫలితములను ప్రకటించిరి. అన్నింటిలో ఇలకూరయు, వంగరెడ్డికూరయు మిన్నలని తేలెను. ఇలకూర ఒక హెక్టారు నేలనుండి 4 నెలలలో 504 కిలోల ఉప్పును, వంగరెడ్డికూర 474 కిలోల ఉప్పును తీసివేయగలవని వారి అంచనా. ఐదు క్వింటాళ్ళ ఉప్పు! ఏ యంత్రమును లేకుండ, ఎండయు, వేరును, ఆకును మాత్రమే సాధనములుగా ఒక చిన్న మొక్క ఇంత పని చేయుట నిజముగా ఆశ్చర్యకరము.

ఐతే ఆశ్చర్యముతో ఆగిపోక, ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక హెక్టారు పొలమునకు నాలుగంగుళముల లోతున, అనగా 10 సెంటీమీటర్లు, ఒక తడి పెట్టినచో 10 లక్షల లీటర్ల నీరగును. మురుగునీటిని వెలుపలికి విడుచునపుడు లీటరునకు 2,100 మిల్లీగ్రాముల వరకు కరగిన లవణములు ఉండవచ్చునని మన నిబంధనలు హద్దు ఏర్పరచినవి. ఆ హద్దును అక్షరాల పాటించిన నీరే పొలమునకు పారినదనుకొందము. ఒక్క తడితో 2,100 కిలోల లవణము నేలను చేరును. అందులో తినెడి ఉప్పుతోపాటు ఇతర లవణములును ఉండునన్న మాట నిజమే. అందు కొంత అడుగునకు ఇంకిపోవునన్న మాటయు నిజమే. కాని ఇలకూర 4 నెలలు శ్రమించి మోసుకొనిపోయిన దానికి ఇది నాలుగు రెట్లు. లీటరునకు 5,000 మిల్లీగ్రాములున్న నీరైనచో పదిరెట్లు. ఒక్క తడికే ఇంతయైన, పైరుకాలమంతయు పెట్టెడి తడుల మాట చెప్పనేల?

ఈ లెక్కవలన ఉప్పు మొక్క పనికిరానిదని భావింపరాదు. నిన్నటి ఉప్పును అది మోయగలదు. నేడు వచ్చుచున్న ఉప్పును మోయలేదు. మురుగు ఆగిన పొలములో దాని సేవ కొలతకందిన ఉప్పుకంటె హెచ్చైనది. గట్టిపడిన నేలను దాని వేళ్ళు చీల్చి వాననీరు దిగుటకు దారులు చేయును. ఆకు నేలను కప్పి ఎండను అడ్డుకొనుటచే, తడి ఆవిరియై ఉప్పు పైకి తేలుట తగ్గును. అప్పుడు వానలు తమ పని తాము చేయును. మొక్కయు వానయు కలిసి కొన్ని సంవత్సరములలో నేలను తిరిగి సేద్యమునకు తేగలవు. మురుగు ఆగని పొలములో మాత్రము అదే మొక్క, కన్నము పూడ్చని పడవలో నీరు తోడు బాలునివంటిది.

మరియొక హెచ్చరికయు అవసరము. తోళ్ళ మురుగు పారిన నేలలో ఉప్పుతోపాటు క్రోమియమును ఉండును. ఉప్పు మొక్కలు కొన్ని అటువంటి లోహములను కూడ తమలో చేర్చుకొనును. తీరమున కూరగా వండుకొను ఆకే ఐనను, అట్టి నేలలో పెరిగినచో మనుష్యులకు గాని పశువులకు గాని ఆహారము కారాదు. కోసిన మొక్కను ఎక్కడ పడవేయవలెనన్నది గూడ ముందుగా నిర్ణయించుకొనవలసిన విషయమే. పక్క పొలము గట్టున పడవేసినచో ఒకరి ఉప్పును మరియొకరికి పంచిపెట్టినట్లగును.

మరి ఉప్పు వచ్చు దారిని మూయుట సాధ్యమా? కొంతవరకు అది మిక్కిలి సులభము. కార్ఖానా చేరిన తోలును నానవేయుటకు ముందు గట్టిగా దులిపినచో, అంటియున్న ఉప్పులో కొంత భాగము పొడిగానే రాలును. అది నీటిని చేరనే చేరదు. నానవేసిన నీటిని వేరుచేసి ఎండలో ఆరబెట్టు మడులును ఉన్నవి. 1990వ దశకమున ఈ లోయలో ఉమ్మడి శుద్ధి కేంద్రములు వెలసినవి. అవి కుళ్ళును, రంగును తగ్గించినవి గాని కరగిన ఉప్పును తీయలేకపోయినవి. తరువాత పొరలగుండ నీటిని ఒత్తిడితో వడగట్టి ఉప్పును విడదీయు యంత్రములు వచ్చినవి. అవి వ్యయముతో కూడినవి. విడదీసిన ఉప్పును దాచుట మరియొక సమస్య. 1948లో మద్రాసున వెలసిన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ ఇట్టి మార్గములను వెదకుచున్నది. గుంటూరు జిల్లాలో జన్మించిన తెలుగువాడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు ఆ సంస్థకు సంచాలకులై, శాస్త్రము సామాన్య చర్మకారుని గుమ్మము చేరవలెనని కృషిచేసిన సంగతి మనకు గర్వకారణము.

సుమేరియనుల యవలనుండి పాలారు ఇలకూర వరకు నడచిన ఈ చరిత్రలో ఒకే మాట మరల మరల వినవచ్చుచున్నది. ఉప్పు వచ్చు దారిని మూయుట మొదటి పని; మురుగు పోవుటకు దారి తీయుట రెండవ పని; మొక్క నాటుట మూడవ పని. ఈ వరుస తప్పి, మొక్కలు నాటినాము గనుక మురుగు విడువవచ్చునని ఎవరైన చెప్పినచో, ఆ మాటను నమ్మరాదు. మన కాలి జోడు తయారగుటకు ఎక్కడనో ఒక రైతు మడి చౌడు బారినచో, ఆ జోడు వెలలో ఆ మడి వెల చేరలేదన్నమాట. దానిని చేర్చి చెల్లించిననాడు, ఉప్పు మొక్క తన పని తాను చేయగలదు. తన వంతు ముగిసిన పిదప అది ఆ మడిని వరికి విడిచి తీరమునకు మరలిపోవును.